పొద్దు గూకని పండగ

కువైటులోని ఫర్వానియాలో మేముండే బిల్డింగుకి లిఫ్టు ఉంది గాని, అది ఎక్కేవాళ్ళకంటే బాగుచేసేవాళ్ళనే ఎక్కువ చూసింది. అందుకే ఈ జూన్‌లో ఒకనాటి పొద్దున లైలా మూడంతస్తులు మెట్లెక్కి, చేతుల్లో అట్టపెట్టెతో, చెమటలు కారుతూ నా గుమ్మంలో నిలబడింది. నేను నేల మీద తడిగుడ్డ పరుచుకుని మల్లెలు కడుతున్నాను. సాల్మియాలో ఒక ఇంజనీరుగారింట్లో సీమంతం, సాయంత్రానికల్లా దండలు అందాలి. ఇప్పుడు నా బతుకుదెరువు ఇదే. విమానంలో దిగే పూలను దండలుగా కట్టి తెలుగువాళ్ళ శుభకార్యాలకు పంపుతాను. లైలా చెప్పులు విడిచి వచ్చి, చిన్నప్పటిలాగే నా మోకాలికి ఆనుకుని కూర్చుంది. నేను అన్నం పెట్టి, జడవేసి, నిద్రపుచ్చి పెంచిన పిల్ల ఇది. ఇప్పుడు సబా అల్ సలేంలో సొంత ఇల్లు, ఇద్దరు బిడ్డల తల్లి. నాతో అరబ్బీలో మాట్లాడుతుంది, నడుమ నడుమ నేను నేర్పిన రెండు మూడు తెలుగు మాటలు కలుపుతుంది. "మస్తానా, నీళ్ళు తా," అంది.

నీళ్ళు తాగి పెట్టె తెరిచింది. వాళ్ళమ్మ సామాన్లు సర్దుతుంటే దొరికిందట. లోపల ఇనుప తీగతో చేసిన రెండు చుట్లు, నీలం పసుపు రంగుల కాగితం జెండాలు, వెలిసిపోయిన రిబ్బన్లు. వాటి అడుగున ముడివేసిన ఆకుపచ్చ గుడ్డపీలిక ఒకటి. మిగిలినవి చూస్తే నవ్వొచ్చింది. ఆ పీలికను చూశాక చేతిలో దండ కిందపెట్టేశాను. లైలా నా ముఖం గమనించలేదు. "మా ఎండాకాలం పండగ గుర్తుందా? నా చిన్నతనంలో అంతకంటే మంచి రోజు లేదు, వల్లా, ఒట్టు," అంది. గుర్తుందమ్మా, బాగా గుర్తుంది. నీకు మంచి రోజయినందుకు నాకేం కోపం లేదు. కాని ఆ రోజుని నేను నీలాగా తలుచుకోలేను, తలుచుకున్నప్పుడల్లా నోరు చేదెక్కుతుంది.

రుమైథియాలో వాళ్ళిల్లు. కువైటు ఇళ్ళన్నిటిలాగే ఎత్తయిన గోడ, లోపల నాపరాళ్ళు పరిచిన ముంగిలి, దాన్ని హోష్ అంటారు, మూలన ఒక సిద్రా చెట్టు. సిద్రా అంటే మన రేగుచెట్టే. మొదటిసారి దాన్ని చూసినప్పుడు, ఇంత దూరమొచ్చినా నువ్వు కూడా ఉన్నావా అని దాన్ని పట్టుకుని ఏడ్చాను. బాబా, అంటే ఇంటి యజమాని, కువైటీ. ఎవరి జోలికీ పోని మనిషి. మామా, అంటే ఇంటి యజమానురాలు, లైలా వాళ్ళమ్మ, మాత్రం స్వీడన్ దేశపు ఆమె. పసుపు జుట్టు, పాలుగారే ఒళ్ళు, ఎండ తగిలితే చాలు కందిపోయేది. ఆ ఇంట్లో నాకంటే ముందు నుంచీ మా చిన్నమ్మ హుసేనమ్మ వంటచేసేది. మా అమ్మకు సొంత చెల్లెలు. పదో తరగతి పాసై ఇంట్లో ఖాళీగా ఉన్న నన్ను రాయచోటి నుంచి పిలిపించుకుంది తనే. "బిడ్డ నా కండ్ల ముందర ఉంటాది" అని అమ్మకు మాటిచ్చి తీసుకొచ్చింది.

చిన్నమ్మ పొద్దున ఫజర్‌కి లేచేది. నమాజు చేసుకుని, ఏలకులు దంచి పాలలో వేసి స్టవ్ మీద పెట్టేది. ఆ వాసనకే నాకు మెలకువ వచ్చేది. తర్వాత రొట్టెలు, పిల్లకి గుడ్డు, బాబాకి ఖర్జూరాలూ ఖావా. మామాకి మాత్రం గట్టి గోధుమరొట్టె మీద వెన్న, దాని మీద దోసకాయ ముక్కలు, పక్కన ఒక పెద్ద గ్లాసు బ్లాక్ కాఫీ. ఆ కాఫీ చూసి చిన్నమ్మ రోజూ మూతి తిప్పేది. "పాలు కూడా లేకుండా తాగుతాది, ఏం సుఖమో!" అనేది. మధ్యాహ్నం మచ్‌బూస్ అనే మాంసపు అన్నం వండేటప్పుడు ఎండిన నిమ్మకాయలు పగిలి ఇల్లంతా వాసన కొట్టేది. అదయ్యాక వంటింటి మెట్టు మీద కూర్చుని నాకు నూనె రాసి తల దువ్వుతూ ఊరి కబుర్లు చెప్పేది, చెప్పినవే మళ్ళీ మళ్ళీ చెప్పేది. చిన్నమ్మకు ఒక్కటే సూత్రం, ఉప్పు తిన్న ఇంటిని మాటనకూడదు. నేను కాస్త నోరు జారితే, "తిన్నింటి వాసాలు లెక్కబెట్టగూడదు మే" అని నెత్తిన ఒకటి మొట్టేది.

ఇంక ఆ పండగ సంగతి. జూన్ నెల నడిమికి వచ్చేసరికి మామా మనిషే మారిపోయేది. ఏడాదంతా పెద్దగా నవ్వని ఆమె పాటలు కూనిరాగం తీసేది, అల్మారాల్లోంచి డబ్బాలు దించేది. వాళ్ళ దేశంలో చలికాలమంతా చీకటేనట. అందుకని ఎండాకాలం నడినెత్తికి వచ్చిన నాడు పెద్ద పండగ చేసుకుంటారట, ఆ రాత్రి పొద్దే గూకదట. చిన్నమ్మకి నేనిది చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. "ఎండకు పండగేంది మే! ఆ లెక్కన మన రాయచోటిలో ఏడాదంతా పండగే గదా!" అంది. కువైటులో జూన్ ఎండ గురించి నేను చెప్పేదేముంది. తలుపు తెరిస్తే పొయ్యి మూత తీసినట్టు ఉంటుంది. ఆ ఎండలో మామా తలకు గుడ్డ కట్టుకుని, తోటమాలి చేత హోష్ నడుమ ఒక గుంట తవ్వించి, ఇంత పొడుగు కర్ర తెప్పించేది. పైన అడ్డంగా ఇంకో కర్ర, దాని రెండు కొసలకూ తీగ చుట్లు వేలాడేవి. ఆ కర్రంతా ఆకులతో, పూలతో కప్పాలి. వాళ్ళ దేశంలో అడవి ఆకులు, గడ్డిపూలు. ఇక్కడ రేగుకొమ్మలు, ఖర్జూరపు మట్టలు, గోడ మీది కాగితంపూలు, ఇవి చాలకపోతే బజారు నుంచి తెచ్చిన పూలు.

పూల పని నాది. అందులో నన్ను మించినవాళ్ళు ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే లేరు. మా అమ్మ రాయచోటిలో దర్గా వాకిట్లో పూలు కట్టి అమ్మేది. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. దర్గాకి పూల చాదర్లు, పెళ్ళికొడుకులకు సెహరాలు, గుడికి వెళ్ళే ఆడవాళ్ళకు మూరల లెక్కన మల్లెలు, అన్నీ అమ్మ చేతిలోంచే పోయేవి. అరటినారను నీళ్ళలో నానబెట్టి, కాలి బొటనవేలికి ఒక కొస చుట్టి, చూడకుండానే కట్టేది. పూలు నలగకూడదు, ముడి కనపడకూడదు. నేను నడక నేర్చేనాటికే నాకు ముడి వచ్చు అనేది అమ్మ, అది కొంచెం ఎక్కువే అనుకోండి. ఆ చేతితోనే నేను మామా కర్రకి పూలు చుట్టాను, వచ్చినవాళ్ళందరికీ తలల మీద పెట్టుకునే పూలచుట్లు కట్టాను. మామా వాటిని పట్టుకుని మురిసిపోయేది. మా ఊళ్ళో కూడా ఇంత చక్కగా కట్టరు మస్తాన్, అనేది. నిజం చెప్పాలంటే ఆ మాటకి నేనూ మురిసిపోయేదాన్ని.

నేను చెప్పే ఆ ఏడాది అమ్మకి ఒంట్లో బాగాలేదు. కడుపులో గడ్డ అన్నారు. రాయచోటిలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోములో పెట్టారు. తమ్ముడు ఫోన్‌లో, భయం లేదక్కా, అంటూనే ఉన్నాడు గాని వాడి గొంతు అలా అనడం లేదు. నా పాస్‌పోర్టు బాబా బీరువాలో ఉంది. పండగ అయిపోగానే పంపిస్తానని మామా మాటిచ్చింది, ఇంకొక్క వారమే అంది. ఇంట్లో ఫోను హాలు మూలన, వంటింటి గోడకి అవతలే ఉండేది. మేం దాన్ని ముట్టుకోకూడదు, మోగితే మామానే ఎత్తాలి. ఆ ఇంట్లో పనివాళ్ళ మీద అరుపులు లేవు, దెబ్బలు లేవు, అన్నం దగ్గర లెక్కలు లేవు. కాని ఈ ఒక్క నియమం మాత్రం ఎవరూ దాటేవాళ్ళు కాదు.

పండగనాటి పొద్దున నేనూ చిన్నమ్మా వంటింట్లో చిన్న ఆలుగడ్డలు కడుగుతున్నాం. వాటిని పొట్టుతోనే ఉడకబెట్టి, సోయికూర చల్లి పెట్టాలి. పక్కన ఉప్పూ చక్కెరా కలిపిన వెనిగర్‌లో నానిన పచ్చి చేపముక్కల సీసాలు. ఆ వాసనకి చిన్నమ్మ ముక్కుకి కొంగు కట్టుకునేది. స్ట్రాబెర్రీలు, మీగడతో కేకు అప్పటికే ఫ్రిజ్‌లో ఉంది. గోడకవతల ఫోను మోగింది. నేను విన్నాను, చేతులు తుడుచుకుని చెవి రిక్కించాను కూడా. మామా ఇంగ్లీషులో నెమ్మదిగా ఏదో మాట్లాడి పెట్టేసింది. తర్వాత వంటింట్లోకి వచ్చి మమ్మల్ని ఒకసారి చూసి, "యల్లా యల్లా, త్వరగా, మూడింటికే వస్తారు అందరూ," అని వెళ్ళిపోయింది. ఎవరి ఫోనో నేను అడగలేదు. అడిగే అలవాటు మాకు లేదు.

కర్ర నిలబెట్టాక చిన్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ హోష్‌లోకి వచ్చి, దాన్ని చూసి ఆగిపోయింది. "ఏం మే, ఇది మన పీరు మాదిరే ఉండాదే!" అంది. నిజంగానే అలాగే ఉంది. మా వైపు పీర్ల పండగకి ఇత్తడి పీర్లను పొడుగాటి కర్రలకు ఎత్తి, పూలదండలు వేసి, రంగుగుడ్డలు కట్టి, నిప్పుల గుండం చుట్టూ ఆడతారు. హిందువులూ వస్తారు, మేమూ వెళ్తాం. మొక్కు ఉన్నవాళ్ళు పీరుకి ఒక గుడ్డపీలిక కడతారు, దాన్ని దట్టీ అంటాం. అంతే, చిన్నమ్మ లోపలికి వెళ్ళి ఊదుకడ్డీ వెలిగించుకొచ్చింది, ఇంత చక్కెర చేతిలో పట్టుకుంది. తన ఆకుపచ్చ ఓణీ అంచు చింపి నా చేతికిచ్చింది. "మొక్కుకో. ఈ మారాజు ఎవురో నాకు తెల్దు, ఈయమ్మ దేశపోడు. అయినా పూలు యేసి నిలబెట్టినాక ఇనకుండా పోతాడా? మీయమ్మ లేసి కూర్సోవాల అనుకో," అంది. నేను కళ్ళు మూసుకుని, అమ్మ పేరు తలుచుకుని, ఆ కర్రకి దట్టీ కట్టాను. మామా పండగ కర్ర మాకు పీరయింది. ఇప్పుడు తలుచుకుంటే మా తెలివికి నవ్వొస్తుంది. దేవుడు కాని దాన్ని దేవుడనుకున్నామే అని కాదు, ఎవరి దగ్గరో ఉన్నదాన్ని ఇంకెవరినో అడుక్కున్నామే అని.

ఎందుకంటే, నేను ముడివేసి తిరిగేసరికి మామా వెనకే నిలబడి ఉంది. తెల్లగౌను వేసుకుని, నేను కట్టిన పూలచుట్టు తలకు పెట్టుకుని. "అదేంటి మస్తాన్?" అని అడిగింది. మా అమ్మ కోసం మొక్కు, అమ్మకి నయం కావాలని, అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. మామా ఆ ఆకుపచ్చ పీలికను చాలాసేపు చూసింది. "చాలా బాగుంది," అంది. చేతిలో ఇంకో పూలచుట్టు ఉంటే అది నా తలకు పెట్టి, రెండు చెంపలూ పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. నా మీద ప్రేమ అనుకున్నాను. ఆ రోజు పండగలో యజమానులూ పనివాళ్ళూ తేడా లేదని చెప్పి మమ్మల్ని కూడా బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చిన్న చిన్న గ్లాసుల్లో ఆపిల్ రసం పోసుకుని, ఒక్కొక్క గుక్కకి ముందు పాట పాడేవాళ్ళు. తర్వాత మామా పిలిచిన ఆమె దేశంవాళ్ళంతా చేతులు పట్టుకుని కర్ర చుట్టూ తిరిగారు, కప్పల్లాగా గెంతారు. ముసలివాళ్ళు కూడా. లైలా నా చెయ్యి పట్టి లాగితే నేనూ గెంతాను. చిన్నమ్మ మెట్టు మీద కూర్చుని నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. ఆ పూట నాకు సంతోషంగానే ఉండింది, అది కాదని ఎలా అంటాను?

మర్నాడు పొద్దున మామా వంటింట్లోకి వచ్చి, కళ్ళు కిందికి దించుకుని, "మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి" అంది. ఆమే నంబరు తిప్పి రిసీవరు నా చేతికిచ్చింది. తమ్ముడు ఏడవడం లేదు, గొంతు ఎండిపోయి ఉంది. "నిన్న పొద్దున చేసినామక్కా. డాక్టరు సారే ఇంగ్లీషులో మాట్లాడె. అమ్మకు టైము లేదు, బిడ్డ గొంతు ఇనాలంటాంది, పిలవండమ్మా అని అడిగె. బయట ఉండాది, వస్తానే మళ్ళా చేస్తాది అనిందంట మీ మేడమ్. అమ్మను కుర్చీతో సహా ఎత్తుకొచ్చి డాక్టరు రూములో ఫోను కాడ కూర్సోబెట్టినాం. పండుకోమంటే పండుకోల్యా. నా బిడ్డ పనిలో ఉంటాది, చేస్తాదిలే అనె. మేం మళ్ళా చేస్తే మోగుతాంది గాని ఎవురూ ఎత్తల్యా. పొద్దు గూకేదాకా ఆడ్నే కూర్సుండె అక్కా." అంతకుమించి వాడు చెప్పలేదు. మట్టి చేసేశామని మాత్రం చివర్లో చెప్పాడు.

నేను బయట లేను. గోడకివతల ఆలుగడ్డలు కడుగుతున్నాను. సాయంత్రం మళ్ళీ ఫోను మోగినప్పుడు అందరూ హోష్‌లో పాట పాడుతున్నారు, నేను కప్పలాగా గెంతుతున్నాను. మామా నన్ను కావలించుకుని ఏడ్చింది. ఆ రోజు ఎవరూ ఎవరికీ చెడ్డకబురు చెప్పరు, మా దేశంలో ఆచారం అది, అంది. నీకు ఒక్క మంచి రోజు ఇవ్వాలనుకున్నాను మస్తాన్, అంది. పోయింది చిన్నమ్మకు సొంత అక్క. అయినా మామా వెళ్ళాక కుళాయి కింద గిన్నెలు వేసుకుని తోముతూనే ఉంది, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. నేను కేకలు పెట్టబోతే నోరు మూసింది. "ఊరుకో మే. వాళ్ళ ఆచారం వాళ్ళది. మనోళ్ళూ పెండ్లింట్లో సావుకబురు చెప్పరు గదా. తిన్నింటి వాసాలు లెక్కబెట్టొద్దు," అంది. ఆ మాట పట్టుకునే నేను ఇన్నేళ్ళూ బతికాను. ఆ ఇంట్లోనే ఉండిపోయాను కూడా. తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్ళి, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం, ఎన్ని లేవు? ఆ తర్వాత ప్రతి ఎండాకాలమూ ఆ కర్రకి పూలు చుట్టాను. దట్టీ మాత్రం ఎవరూ కట్టలేదు. ఆచారం అనే మాట లేకపోతే నేనాపని చేయగలిగేదాన్ని కాదు.

ఇప్పుడు ఈ బిల్డింగులో ప్రతి ఆడపిల్ల చేతిలోనూ ఫోను ఉంది. కింద అంతస్తులో ఉండే కడప పిల్ల, మాన్‌పవర్ ఆఫీసులో పని, స్టవ్ పక్కన ఫోను ఆనించి పెట్టి వాళ్ళమ్మ చూస్తుండగానే కూర వండుతుంది. ఉప్పు ఎక్కువ వేస్తున్నావే అని తల్లి అక్కడి నుంచి తిడుతుంది. ఈ పిల్ల విసుక్కుని కట్ చేస్తుంది. అలా చేసినప్పుడు నాకు దాని చెంప పగలగొట్టాలనిపిస్తుంది. మాకు దొరకని దాన్ని వీళ్ళు విసిరికొడుతున్నారే అన్న కుళ్ళు అది, ఇంకేం కాదు. ఇప్పటి పిల్లలకి వేరే కష్టాలున్నాయి, నాకు తెలుసు. కాని మధ్యలో నిలబడి, నీ తల్లి గొంతు నీకు చేర్చాలా వద్దా అని తేల్చే మనిషి లేదు. అదొక్కటే తేడా, అదే పెద్ద తేడా.

బాబా పోయాక మామా స్వీడన్ వెళ్ళిపోయిందని నాకు తెలుసు. ఇప్పుడు సముద్రం పక్కన ఏదో చిన్న ఊళ్ళో, ముసలివాళ్ళను చూసుకునే చోట ఉందట, లైలా చెప్పింది. ఆఖరు రోజులన్నారట డాక్టర్లు. ఆ రాత్రి విమానానికే లైలా బయలుదేరుతోంది. "ఎల్లుండే పండగ. మామా రెండే అడిగింది. నీ చేత్తో కట్టిన పూలచుట్టు ఒకటి తెమ్మంది. ఇంకా, నీ గొంతు వినాలంటోంది మస్తానా," అంది. నేను తీగ చుట్టు ఒకటి తీసుకుని, తుప్పు తుడిచి, మల్లెలు కట్టడం మొదలుపెట్టాను. పూలు నాకే అన్యాయమూ చేయలేదు. అది మా అమ్మ విద్య, ఎవరి తలకైనా చక్కగానే కట్టాలి. సగం కట్టాక, ఊరికే అడిగినట్టు అడిగాను. ఆ పండగనాడు చెడ్డకబురు ఎవరికీ చెప్పకూడదని మీ అమ్మ దేశంలో ఆచారముంది గదా, అని. లైలా నవ్వింది. "అలాంటిదేం లేదే! మా అమ్మమ్మ పోయింది సరిగ్గా ఆ పండగనాడేనట, నువ్వు మా ఇంటికి రాకముందు. మామాకి అప్పటికప్పుడు ఫోన్ చేశారు, టికెట్ కూడా దొరికింది. ఎవరు చెప్పారు నీకు?" అంది.

ఎవరూ చెప్పలేదులే అన్నాను. చేతులు వాటంతట అవే ముడులు వేస్తున్నాయి. చిన్నమ్మ బతికుంటే ఏమనేదో తెలియదు. నేను మాత్రం ఆ పూట తిన్నింటి వాసాలన్నీ లెక్కపెట్టాను, ఒక్కటీ వదల్లేదు. ఆచారం లేదు. వచ్చే చుట్టాలున్నారు, కట్టాల్సిన పూలున్నాయి, గెంతాల్సిన పాటలున్నాయి. ఏడ్చే పనిమనిషి ఆ పూటకి పనికిరాదు. మామాకి అదొక్కటే తన రోజు, పరాయి దేశంలో ఒంటరిది, అన్నీ నాకు తెలుసు. నేను కూడా పరాయి దేశంలోనే ఉన్నాను, నా తల్లి కుర్చీలో కూర్చుని ఉంది.

పూలచుట్టు తడిగుడ్డలో చుట్టి ఇచ్చాను. లైలా అప్పటికే ఫోను కలిపి నా ముందు పెట్టింది. తెల్లటి దిండు, దాని మీద ముడుచుకుపోయిన ముఖం, పసుపు జుట్టు పోయి నాలుగు వెండి పోగులు. కిటికీలోంచి ఎండ పడుతోంది. "మస్తాన్?" అంది ఆ గొంతు. "మస్తాన్, ఉన్నావా?" నేను ఫోనుకి కనపడకుండా లైలా పక్కకి, గోడవైపు జరిగాను. లైలా చెయ్యి మెల్లగా పక్కకి తోసి, గొంతు తగ్గించి అరబ్బీలో అన్నాను. "బయట ఉందని చెప్పు. వస్తూనే చేస్తుందని చెప్పు." లైలా తెల్లబోయింది. ఇక్కడే ఉన్నావు గదా అంది. "చెప్పు బిడ్డా," అన్నాను. వాళ్ళ భాషలో చెప్పింది. తర్వాత ఆ ముసలిగొంతు ఏదో ఒక్క మాట అడిగింది. "నిజంగా చేస్తుందా అని అడుగుతోంది," అంది లైలా. చేస్తుందని చెప్పమన్నాను.

లైలా పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది, దట్టీ నేను తీసి పెట్టుకున్నాను. సీమంతం దండలు వేళకే అందించాను. పండగనాడు ఫోను మోగింది, లైలా నంబరే. మళ్ళీ మోగింది. నేను పూలు కడుతూ కూర్చున్నాను, ఎత్తలేదు. వాళ్ళ ఊళ్ళో ఆ రోజు పొద్దు గూకదు గదా, ఎంతసేపైనా కాచుకోవచ్చు.